ఇంగ్లీషు పదసంపద – అంటు కట్టే పని

మా కడియంలో డిగ్రీ చదివే కుర్రాడొకడు ఆ మధ్య ఒక సాయంకాలం లావుపాటి నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పదో తరగతి దాకా నా దగ్గర తెలుగు చదువుకున్నవాడే. ఆ బుక్కులో అకారాది క్రమంలో ఇంగ్లీషు మాటలు, ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక్కొక్క తెలుగు అర్థం, ముత్యాల్లాంటి దస్తూరితో రాసుకున్నాడు. అబేట్ – తగ్గు. అబెరేషన్ – విపరీతం. అబెయన్స్ – నిలుపుదల. ఏ, బీ అక్షరాలు పూర్తయ్యాయి. సీ సగంలో ఆగిపోయింది.

“మాస్టారూ, మూడుసార్లు మొదలెట్టానండి. ప్రతిసారీ సీ దగ్గరే ఆగిపోతున్నానండి. ముందు చదివినవి కూడా గుర్తుండట్లేదండి. ఏం చెయ్యమంటారు?” అన్నాడు.

నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. ఇంగ్లీషు పదసంపద గురించి నన్నడగడమేమిటని మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. సాహిత్య విద్యార్థులు, రచయితలు చదివే ఈ పత్రికలో ఈ విషయం రాయడానికి కారణం కూడా అదే. మార్క్స్‌నైనా, గోర్కీనైనా, ఆఫ్రికా రచయితలనైనా మనలో ఎక్కువమంది ఇంగ్లీషు ద్వారానే చదివాం. సాహిత్య సిద్ధాంత గ్రంథాలు ఇప్పటికీ ఆ దారినే మన చేతికి వస్తున్నాయి. అయినా ఆ భాషలో మన నడక ఎలా ఉంది? కథలూ వార్తాపత్రికా అయితే ఏదోలా ఈదుకొస్తాం. విమర్శ గ్రంథం తెరిస్తే రెండో పేజీలో మునిగిపోతాం. ఆ మునక సంగతి ఒకరికొకరం చెప్పుకోం. చదివినట్టే ఉటంకిస్తాం.

నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక సాహిత్య సభకు పొరుగు రాష్ట్రాలనుంచి అతిథులు వచ్చారు. వందన సమర్పణ ఇంగ్లీషులో చెయ్యమని నన్ను నిలబెట్టారు. అప్పటికి నా దగ్గరా ఇలాంటి నోటుబుక్కే ఉండేది. దానిలో ‘ఫుల్సమ్’ అనే మాటకు ‘సమృద్ధమైన’ అని అర్థం రాసుకున్నాను. మా కవులను ఎంతో ఆదరంగా మెచ్చుకున్న ఒక పెద్దాయనతో, మీ ఫుల్సమ్ ప్రశంసకు మేము కృతజ్ఞులం అన్నాను. ఆయన చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. సభ అయ్యాక ఇంగ్లీషు లెక్చరరు మిత్రుడొకడు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాటకు ఒకప్పుడు సమృద్ధి అనే అర్థం ఉన్నమాట నిజమేనట. కాని ప్రశంస పక్కన చేరితే అది ‘వెగటు పుట్టించే ముఖస్తుతి’ అవుతుందట. నేను ఆ పెద్దమనిషిని వేదికమీదే ముఖస్తుతి చేసేవాడని అన్నానన్నమాట!

నా బుక్కులో అర్థం తప్పు కాదు. కాని ఆ మాట ఎవరి పక్కన నిలబడుతుందో అందులో లేదు. లోపం అక్కడుంది.

ఈ ‘పక్కన నిలబడటం’ ఏమిటో తెలుగువాడికి కొత్తగా చెప్పక్కర్లేదు. మన డెల్టాలో నారు పోస్తాం, నాట్లు వేస్తాం, కోత కోస్తాం, కుప్ప నూరుస్తాం. కల్లు గీస్తాం, పాలు పితుకుతాం, తాడు పేనుతాం, చాప అల్లుతాం, ఇటుక కోస్తాం. పాలు గీశాననో, తాడు అల్లాననో ఎవడైనా అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇవన్నీ మనం ఏ పుస్తకంలోనూ చదవలేదు. మాటలు జంటలుగానే చెవిని పడ్డాయి, జంటలుగానే నాలుకమీద నిలిచాయి. ఇంగ్లీషూ అంతే. వాన ‘హెవీ’గా ఉంటుంది, టీ ‘స్ట్రాంగ్’గా ఉంటుంది. రెండింటినీ తారుమారు చెయ్యకూడదు. నేరాన్ని ‘కమిట్’ చేస్తారు, పొరపాటును ‘మేక్’ చేస్తారు. 1920లలో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పి, తర్వాత లండన్‌లో భాషాశాస్త్రం బోధించిన ఫర్త్ ఈ సంగతినే సిద్ధాంతం చేశాడు. మాట అర్థంలో ఒక భాగం దాని సహవాసంలోనే ఉంటుందన్నాడు. మన రైతుకూలీకి తెలుగులో ఈ జ్ఞానం పుష్కలంగా ఉంది. దానికి జ్ఞానమని పేరు పెట్టి ఎవరూ చెప్పలేదు, అంతే.

అసలు ‘ఉన్నతస్థాయి పదసంపద’ అంటే ఎన్ని మాటలు? ఈ ప్రశ్నను మొదట పట్టించుకున్నవాళ్ళలో ఒకడు మన దేశంలో పనిచేసినవాడే. మైకేల్ వెస్ట్ అనే విద్యాశాఖ ఉద్యోగి ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ బెంగాలీ పిల్లల ఇంగ్లీషు చదువును పరిశీలించాడు. చాలామంది పిల్లలు మధ్యలోనే బడి మానేస్తారు. మానేసేనాటికి వాళ్ళ చేతిలో పనికొచ్చేది ఏదైనా మిగులుతోందా? 1926లో ప్రచురించిన తన గ్రంథంలో ఆయన అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. మధ్యలో కట్టడం ఆపేసిన బీమాకు కూడా ఎంతో కొంత విలువ చేతికొస్తుంది కదా, చదువుకూ అలాంటి విలువ ఉండాలన్నాడు. వలస ప్రభుత్వ ఉద్యోగే అయినా ఈ ప్రశ్న బీదపిల్లల పక్షాన అడిగిన ప్రశ్న. ఆ ఆలోచనే పెరిగి పెరిగి, అత్యధికంగా వాడుకలో ఉన్న దాదాపు 2000 మాటల పట్టికగా 1953లో వెలువడింది. మామూలు ఇంగ్లీషు పుస్తకం ఏది తీసినా అందులో సుమారు 80 శాతం ఈ మాటలూ వీటి రూపాలే.

తక్కిన 20 శాతంలోనే మన కష్టమంతా ఉంది. 2000లో న్యూజిలాండ్ పరిశోధకురాలు ఏవరిల్ కాక్స్‌హెడ్ విద్యావిషయక గ్రంథాలను పరిశీలించి 570 పదకుటుంబాలను ఏరింది. పదకుటుంబం అంటే ఒక మాటా, దానినుంచి పుట్టిన రూపాలూ. ఆ 570 తెలిస్తే అలాంటి గ్రంథాల్లో మరో 10 శాతం దాకా తెలుస్తుంది. పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషు నవలో వార్తాపత్రికో చదవాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలి.

ఈ అంకెలు చూసి బెదరనక్కర్లేదు. నాకు వీటిలో కనిపించేది వేరు. మా కుర్రాడి బుక్కులో ‘అబెయన్స్’ ఉంది గాని ‘అస్యూమ్’ లేదు, ‘కాంటెక్స్ట్’ లేదు, ‘డిరైవ్’ లేదు. విమర్శ గ్రంథంలో పేజీ పేజీకీ ఎదురయ్యేవి ఈ చివరివే. వాటిని వదిలేసి ఏడాదికొకసారి కూడా కనపడని మాటలను కంఠస్థం చేస్తున్నాడు. ఎందుకు? అరుదైన మాటే గొప్ప మాట అనే భ్రమ అతనికి ఎవరో అంటించారు. అమెరికా వెళ్ళేవాళ్ళు రాసే జీఆర్ఈ పరీక్షలో 2011 ఆగస్టు దాకా వ్యతిరేకపదాల ప్రశ్నలు ఉండేవి. వాటికోసం బ్యారన్స్ వాళ్ళ 3500 మాటల జాబితాను మన తెలుగు కుర్రాళ్ళు తరాల తరబడి బట్టీ పట్టారు. ఆ ప్రశ్నలు ఎత్తేశారు గాని బట్టీ అలవాటు ఎత్తిపోలేదు. వడపోతకు పెట్టిన జల్లెడను చదువుకు కొలమానంగా పెట్టుకున్నాం. పట్టికలు అసలే పనికిరావని నేననడం లేదు. వెస్ట్ పట్టిక, కాక్స్‌హెడ్ పట్టిక దారి చూపేవి. బెదిరించే పట్టికలు వేరు.

ఇక అసలు విషయానికి వస్తాను. కుర్రాడి తండ్రి నర్సరీలో అంటు కట్టే పనివాడు. కడియం, కడియపులంక సంగతి ఎరగని తెలుగువాడు ఉండడు. రాజమండ్రినుంచి జాతీయ రహదారి వెంట వస్తుంటే రెండు పక్కలా మైళ్ళ పొడుగునా మొక్కలే. దేశంలో ఎక్కడెక్కడికో లారీల్లో పోతాయి. కుర్రాడి తండ్రి మూడో తరగతితో చదువు ఆపేశాడు. అయినా వందల మొక్కల పేర్లు నోటికి వచ్చు. ‘ఆల్బా’ అంటే తెల్లది, ‘రూబ్రా’ అంటే ఎర్రది, ‘నానా’ అంటే పొట్టిది, ‘వేరిగేటా’ అంటే ఆకుమీద చారలో మచ్చలో ఉన్నది, ‘గ్రాండిఫ్లోరా’ అంటే పెద్దపువ్వుది. ఇవన్నీ లాటిన్ మాటలని ఆయనకు తెలియదు. అర్థం మాత్రం ఎక్కడా తప్పు పోదు.

ఒకరోజు ఆ నర్సరీకే వెళ్ళి కూర్చున్నాం. తండ్రి గులాబీకి మొగ్గ అంటు కడుతున్నాడు. కొమ్మమీద మొలక వచ్చే చోటును చాకుతో పెచ్చులాగా లేపి, మరో మొక్క బెరడును చీల్చి అందులోకి దించి చుట్టూ కట్టేస్తున్నాడు. “కన్ను చెడకుండా తియ్యాలండి మాస్టారూ. కన్ను చెడితే అంటు పట్టదండి” అన్నాడు. చెరుకు ముక్కకు ఉన్నట్టే గులాబీ కొమ్మకూ ‘కన్ను’.

నేను కుర్రాడితో అన్నాను: “ఒరే, నీ బుక్కులో ‘ఇనాక్యులేట్’ అని ఉంది చూడు. ఏం రాసుకున్నావ్?”

“టీకా వేయు అనండి.”

ఆ మాట పుట్టింది ఇక్కడే. లాటిన్‌లో ‘ఆక్యులస్’ అంటే కన్ను. మొక్క మొగ్గను కూడా వాళ్ళు కన్నే అన్నారు. కన్నును లోపల నాటడం ‘ఇనాక్యులేట్’. తోటమాలి మాటను, మశూచికి విరుగుడుగా పొక్కులోని రసాన్ని మనిషి చర్మంలోకి ఎక్కించిన వైద్యులు తర్వాత తీసుకున్నారు. కంటి డాక్టరు ‘ఆక్యులిస్ట్’ కూడా ఆ ఇంటివాడే. తండ్రి చేతిలో ఉన్న పని కొడుకు నోటుబుక్కులో ఉన్న మాట. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

అక్కణ్ణుంచి మాకు ఆట మొదలైంది. ‘గ్రాఫ్ట్’ అంటే అంటు. ఆ మాటకు మూలం గ్రీకులో ‘రాయు’ అనే ధాతువు. అంటుపుల్లను కలంలాగా చెక్కుతారు కనక మైనపు పలకమీద రాసే గంటం పేరే దానికీ వచ్చింది. ‘గ్రాఫ్’, ‘పారాగ్రాఫ్’, ‘బయాగ్రఫీ’ అన్నీ అంటుకు చుట్టాలే. రచయితలమైన మనం సంతోషించవలసిన చుట్టరికం ఇది. ‘సెమినార్’ అంటే? సభలూ సంచులూ భోజనాలూ గుర్తొస్తాయి. లాటిన్‌లో అది విత్తులు చల్లి మొక్క పెంచే మడి, మన నారుమడి. విత్తులు చల్లడమే ‘డిసెమినేట్’. ‘బ్రాడ్‌కాస్ట్’ అనేది రేడియో పుట్టకముందు రైతు చేత్తో గింజలు వెదజల్లడానికి పెట్టుకున్న పేరు. ‘ర్యాడికల్’ వేరు సంబంధమైనది. ముల్లంగిని ఇంగ్లీషువాళ్ళు ‘ర్యాడిష్’ అనేదీ ఆ వేరువల్లనే. ‘ఎరాడికేట్’ అంటే వేరుతో పెరికివేయడం. మనం ‘నిర్మూలన’ అనేదీ అక్షరాలా అదే. మూలం లేకుండా చెయ్యడం.

ఇంకొక మాట మన పత్రిక పాఠకులకు ప్రత్యేకం. అభ్యుదయ రచయితలమీద ఎనభై ఏళ్ళుగా వేస్తున్న నింద, మనది సాహిత్యం కాదు, ‘ప్రాపగాండా’ అని. లాటిన్‌లో ‘ప్రొపాగో’ అంటే నేలకు వంచి వేరు పట్టించే కొమ్మ, నేల అంటు. దానినుంచి మొక్కలను వృద్ధి చెయ్యడం ‘ప్రాపగేట్’. 1622లో రోమన్ చర్చి మతవ్యాప్తికోసం పెట్టుకున్న సంస్థ పేరులోకి ఈ మాట చేరింది. ఆపైన రాజకీయాల్లోకి వచ్చి, యుద్ధకాలాల్లో చెడ్డపేరు తెచ్చుకుంది. ఒక మాట తోటలోనుంచి గుడిలోకి, గుడిలోనుంచి యుద్ధరంగంలోకి పోయి తిట్టుగా మారిన చరిత్ర ఇది. ఈ చరిత్ర తెలిసినవాడు ఆ మాటను మరచిపోడు, అంత తేలిగ్గా ఇతరులమీద విసరడు కూడా.

కుర్రాడు ఒక్క పూటలో పదిహేను మాటలు రాసుకున్నాడు. వారం తర్వాత అడిగితే పద్నాలుగు చెప్పాడు. మరచిపోయినది ఏదో నాకూ ఇప్పుడు గుర్తు లేదు.

తోటలో మరోమూల పారిజాతం ఉంది. దాని శాస్త్రీయనామం ‘నిక్టాంథిస్ ఆర్బర్ ట్రిస్టిస్’. రాత్రి పూచే పువ్వు, దుఃఖవృక్షం అని తాత్పర్యం. తెల్లారేసరికి పూలన్నీ రాల్చుకునే చెట్టుకు ఆ పేరు పెట్టినవాడు కవే అయివుండాలి. గ్రీకు ‘నిక్ట్’ రాత్రి. మన ఇళ్ళలో కార్తీకమాసంలో ఆడవాళ్ళు ‘నక్తం’ ఉంటారు, పగలంతా ఉపవాసముండి రాత్రి భోంచేస్తారు. ఆ ‘నక్తం’, ఈ ‘నిక్ట్’ ఒక తల్లి బిడ్డలు. ఇలాంటి జంటలు తెలుగు విద్యార్థికి చాలా దొరుకుతాయి. అనామకుడు – అనానిమస్. మృతికి లోబడినవాడు – మోర్టల్. అమృతం – అంబ్రోషియా. పాదచారి – పెడెస్ట్రియన్. స్వప్నం – ఇన్‌సామ్నియాలోని ‘సామ్నస్’, అంటే నిద్ర. అజ్ఞేయం – అగ్నాస్టిక్. ఉపసర్గ, ధాతువు, ప్రత్యయం అని విడగొట్టడం మనం తెలుగు వ్యాకరణ పాఠంలోనే నేర్చుకున్నాం. ఆ కత్తితోనే లాటిన్, గ్రీకు మాటలనూ విడగొట్టవచ్చు. తెలుగు మీడియంలో చదివినవాడు ఇంగ్లీషుకు ఉత్తచేతులతో వస్తాడనేది అబద్ధం.

అయితే ఇక్కడ రెండు హెచ్చరికలు చెయ్యాలి. ఇంగ్లీషంతా సంస్కృతంలోనుంచే పుట్టిందని సభల్లో గర్జించేవాళ్ళున్నారు. ‘నావిగేషన్’ అనే మాట ‘నవగతి’నుంచి వచ్చిందని చెప్పగా నేనే విన్నాను. అది కల్ల. లాటిన్ ‘నావిస్’, సంస్కృత ‘నౌ’ అక్కచెల్లెళ్ళు, ఒకరికొకరు తల్లి కారు. విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పింది ఈ సోదరత్వమే.

రెండో హెచ్చరిక ఇంకా ముఖ్యమైంది. ఈ నిచ్చెన తెలుగుది కాదు, తెలుగులోకి వచ్చిన సంస్కృతానిది. తెలుగు వేరే కుటుంబానికి చెందిన భాషని ఎల్లిస్ 1816లోనే నిరూపించాడు. తత్సమాలు ఇంట్లో వినిపించే కుటుంబాల పిల్లలకు ఈ నిచ్చెన పుట్టుకతో వస్తుంది. పాలేరు కొడుక్కి ‘అజ్ఞేయం’ కూడా ‘అగ్నాస్టిక్’ అంత పరాయిదే. కాబట్టి సంస్కృతం ద్వారా ఇంగ్లీషు అనే సూత్రాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే పాత కులం మెట్టునే కొత్తగా సున్నం కొట్టి నిలబెట్టినట్టు. అందుకే నేను నర్సరీనుంచి మొదలుపెట్టాను. చెరుకు కన్ను, నారుమడి, వెదజల్లడం, వేరు ఎవరికీ పరాయివి కావు.

ఇంగ్లీషు మాటల్లోనూ వర్గభేదం ఉందన్న సంగతి మన విద్యార్థులకు ఎవరూ చెప్పరు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. పశువులను మేపినవాడు ఇంగ్లీషు రైతు, మాంసం తిన్నవాడు ఫ్రెంచి మాట్లాడే దొర. దొడ్లో ఉన్నప్పుడు ‘కౌ’, కంచంలోకి వస్తే ‘బీఫ్’. దొడ్లో ‘షీప్’, కంచంలో ‘మటన్’. తర్వాత పండితులు లాటిన్‌ను తెచ్చి మూడో అంతస్తు కట్టారు. అడగడానికి ‘ఆస్క్’, ‘క్వెశ్చన్’, ‘ఇంటరాగేట్’ మూడూ ఉన్నా, మొదటిది ఇంట్లో, రెండోది సభలో, మూడోది పోలీసుస్టేషన్లో. మనకు చావు, మరణం, నిర్యాణం లేవూ? కూడు, అన్నం, భోజనం లేవూ? ఎవరి ఇంట ఏ మాట వాడాలో తెలిసినట్టే ఇంగ్లీషులోనూ తెలియాలి. జాబితాలో మూడింటికీ ఒకటే అర్థం రాసి ఉంటుంది. వాటి అంతస్తు రాసి ఉండదు.

పదహారో శతాబ్దంలో ఇంగ్లండులో లాటిన్ మాటలను కుప్పతెప్పలుగా దించి రాసేవాళ్ళను ‘సిరాబుడ్డి మాటల’వాళ్ళని ఎగతాళి చేశారు. థామస్ విల్సన్ 1553లో వాళ్ళమీద విరుచుకుపడ్డాడు. ఆ వివాదం చదువుతుంటే నాకు గిడుగు రామమూర్తిగారే కళ్ళముందు కనిపించారు. ఆ సిరాబుడ్డి మాటల్లో కొన్ని చచ్చాయి, కొన్ని బతికి ఈనాడు అందరి నోటా ఉన్నాయి. ఏవి బతకాలో పండితులు నిర్ణయించలేదు, వాడినవాళ్ళు నిర్ణయించారు. రచయితకు ఇందులో పాఠముంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా ‘యూజ్’ సరిపోయే చోట ‘యుటిలైజ్’ అనడం మన గ్రాంథికవాదమే, వేషం మార్చుకుని వచ్చింది.

కొత్తమాటలకంటె కష్టమైనవి మనకు తెలుసనుకునే మాటలు. ‘డౌటు’ మనకు ప్రశ్న, వాళ్ళకు అపనమ్మకం. “సార్, ఐ హ్యావ్ ఎ డౌట్” అని లేచిన విద్యార్థిని చూసి పరదేశీ ఆచార్యుడు తన మాటను శంకిస్తున్నాడనుకుంటాడు. ‘ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకున్నాడని. ‘సీరియస్’ అంటే రోగి ప్రాణం మీదికి వచ్చిందనో, పెద్దాయనకు కోపం వచ్చిందనో. ‘కరెంటు’ మనకు కరెంటే, వాళ్ళకు ఏటి ప్రవాహం కూడా. ఈ మాటలను తెలుగులోనుంచి వెళ్ళగొట్టమని నేననను. ధవళేశ్వరంలో ‘లాకులు’ అంటే ఇవాళ తెలుగుమాటే. దాన్ని కొట్టేస్తే కాలవలో పడవ నడవదు. మనమూ వాళ్ళకు అప్పిచ్చాం. మన గట్లకింద బొరియలు తవ్వే పందికొక్కే వాళ్ళ నిఘంటువుల్లో ‘బ్యాండికూట్’గా కూర్చుంది. ఎక్కి పోయిన మాట, దిగి వచ్చిన మాట రెండూ దారిలో అర్థం మార్చుకుంటాయని తెలిసి ఉండటమే కావలసింది.

సరే, కుర్రాడికి చివరకు నేనేం చెప్పాను? మాటలు రాసుకోవడం మాని వాక్యాలు రాసుకోమన్నాను. ఏ. ఎస్. హార్న్‌బీ అనే ఉపాధ్యాయుడు జపాన్‌లో ఇంగ్లీషు చెబుతూ, అక్కడి విద్యార్థుల తప్పులు చూసి, మరి ఇద్దరితో కలిసి ఒక నిఘంటువు తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు వేశారు. ఈనాడు విద్యార్థులు వాడే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అదే. దాని బలమంతా అర్థాల్లో కాదు, ఉదాహరణ వాక్యాల్లో ఉంది. పరాయిభాష నేర్చేవాడికి వాడుకే కావాలని అంతకు తొంభై ఏళ్ళముందే మనమీద ప్రయోగం చేసి చూపినవాడు బ్రౌన్. రాజమండ్రిలో కూడా కొంతకాలం ఉద్యోగం చేసిన ఆ దొర 1852లో అచ్చువేసిన తెలుగు నిఘంటువులో కావ్యాల పంక్తుల పక్కనే బజారు మాటలకూ చోటిచ్చాడు. మన పండితులు చీదరించుకున్న మాటలు ఆయన చేతిలో బతికిపోయాయి.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును వదిలెయ్యమని చాలామంది ఇంగ్లీషు ఉపాధ్యాయులు చెబుతారు. నేను ఒప్పుకోను. తెలుగు అర్థం మొదటి గుంజ. తీగ పాకాక గుంజ అక్కర్లేకపోవచ్చు, ముందే పీకేస్తే తీగ నేల పాలవుతుంది. కాని ఒక్క గుంజతో పందిరి నిలవదు. మాట ఎదురైన వాక్యం ఒకటి, నిఘంటువులోని వాక్యం ఒకటి, తన ఊరిమీద తాను రాసిన వాక్యం ఒకటి – మూడూ ఉండాలి. మూడు రోజులకొకసారి, తర్వాత పది రోజులకు, తర్వాత నెలకు బుక్కు తిరగెయ్యాలి. మరుపు మొదటి రోజుల్లోనే ఎక్కువగా పనిచేస్తుందని ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1885లోనే తనమీద తాను ప్రయోగాలు చేసుకుని చెప్పాడు. రోజుకు ఐదారు మాటలకు మించవద్దన్నాను. ఏది చదవాలో ఎంచుకునేటప్పుడు పేజీకి నాలుగైదు తెలియని మాటలకంటె ఎక్కువ లేని పుస్తకం తీసుకోమన్నాను. ఇంటి చుట్టూ ముళ్ళకంచె ఉంటే లోపలి పెరట్లో ఏముందో ఎవడికి తెలుస్తుంది?

రచయితలకైతే ఇంకొక అభ్యాసం చెబుతాను, నేను చేసి లాభపడింది. ఒక పేరా ఇంగ్లీషు వచనాన్ని తెలుగులోకి మార్చి, పదిరోజులు పక్కన పెట్టి, నా తెలుగునుంచి మళ్ళీ ఇంగ్లీషులోకి రాసి మూలంతో పోల్చుకునేవాణ్ణి. ఎక్కడెక్కడ నా మాట తేలిపోయిందో సిగ్గుపడేంత స్పష్టంగా కనిపించేది. దానితోపాటు నా తెలుగు ఎక్కడ చాలలేదో కూడా కనిపించేది, అది నేను అనుకోని లాభం. మా పక్కనున్న ధవళేశ్వరాన్నే కథాస్థలం చేసుకుని వీరేశలింగంగారు రాజశేఖర చరిత్రము రాశారు. 1880లో పుస్తకంగా వచ్చింది. దానికి ప్రేరణ గోల్డ్‌స్మిత్ నవల. ఇంగ్లీషు పల్లెలోని మతాచార్యుడి సంసారం గోదావరి ఒడ్డున బ్రాహ్మణ సంసారమైంది. పదానికి పదం మార్చివుంటే ఆ పని జరిగేది కాదు. అందులో అరువెంత, సొంతమెంత అని విమర్శకులు ఎంత వాదించుకున్నా, ఒక పరభాషా గ్రంథాన్ని ఆయన ఎంత లోతుగా చదివాడో దానివల్ల తెలుస్తుంది.

ఆ కాలంలోనే రెండోరకం ఇంగ్లీషు చదువూ ఉంది. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన కన్యాశుల్కంలో గురజాడ దాన్ని శాశ్వతం చేశాడు. తల్లి వినాలని ముచ్చటపడితే గిరీశం, వెంకటేశం నోటికొచ్చిన పాఠాల ముక్కలు ఒకరిమీదొకరు విసురుకుంటారు. తల్లి మురిసిపోతుంది. ఈనాటి కార్పొరేట్ బడి వార్షికోత్సవంలో ముందువరసలో కూర్చున్న తల్లిదండ్రుల ముఖాల్లో నాకు ఆ మురిపెమే కనిపిస్తుంది. వాళ్ళను నవ్వడానికి నాకు మనసు రాదు. ఇంగ్లీషు రాకపోతే కొడుక్కి ఏ తలుపూ తెరుచుకోదని వాళ్ళకు అనుభవం చెప్పింది. 2019 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వాదోపవాదాల్లో రెండుపక్కలా మీడియం గురించే మాట్లాడారు. బీదపిల్లవాడికి ఇంగ్లీషు కావాలి. అది అతని హక్కు. కాని మీడియం మారినంత మాత్రాన మాటలు రావు. అర్థంకాని పాఠంలో మాట వేరు పట్టదు. సొంతభాష బెరడులోపల తడి ఉంటేనే పైమొగ్గ అంటుకుంటుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో కుర్రాడు మళ్ళీ వచ్చాడు. పాత నోటుబుక్కు ఏం చేశావురా అంటే, వెనకవైపునుంచి వాడుతున్నానండి అన్నాడు. తెరిచి చూపించాడు. ‘అబెయన్స్’ అక్కడ కూడా ఉంది. కింద ఇంగ్లీషులో వాక్యం: మా నాన్న కూలిరేటు పెంపు రెండేళ్ళుగా అబెయన్స్‌లో ఉంది. ‘హెల్డ్ ఇన్ అబెయన్స్’ అని సరైన జంటతోనే రాశాడు. నేను దిద్దవలసింది ఒక్క స్పెల్లింగు మాత్రమే.